మురిగే దారం

మెహదీపట్నంలో బస్సెక్కుతుంటే
కండక్టరు నా సంచీకేసి అనుమానంగా చూస్తాడు.
అందులో పాత కూలరు జాలీతో నేనే అల్లుకున్న బోన్లు,
లంగర్‌హౌజ్‌ షాపులో ఉత్తినే ఇచ్చిన కోడి తోలు,
దాని చుట్టూ మూడు కవర్లు.
మూడు కవర్లకు ఆగే వాసనా అది!

ఆదివారం ఒక్కటే నాది.
తక్కిన ఆరు రోజులూ
ఎవరెవరి నెత్తురో గాజు గొట్టాల్లో పోసి
పేర్లు అంటించే ఉద్యోగం.

హిమాయత్‌సాగర్‌ గేట్ల కింది మడుగు దగ్గర
ఆగమయ్య మొదటిసారి పలకరించాడు.
"ఏం పడ్తున్నవ్‌ బిడ్డా?"
పీతలు, అన్నాను.
"పీతలు లేవిక్కడ. ఎండ్రికాయలున్నయి."
ఇద్దరం వేలు చూపించింది ఒక్కదాన్నే.
అది రాతి కింద నుంచి అడ్డంగా వచ్చి
మా తగువు తేలేలోపు
మళ్ళీ రాతి కిందికే పోయింది.

ఆయన జేబులో సంఘం కార్డుంది,
చెమటకు పసుపెక్కిన కవర్లో.
నాకు లేదు.
సరదాకు పట్టేటోళ్ళకు కార్డుండదు,
కట్టుబాటుంటది, అన్నాడు.
ఎక్కడ రాసుందని అడిగితే
బీడీ ఆర్పి, నీళ్ళకేసి చూశాడు.

రెండు బోన్లు. మూడోది ఆశ.
నాలుగు వేళ్ళ వెడల్పు లేనిదాన్ని
లెక్కలోకే తేవద్దు.
ఎవరి వేళ్ళు, నావా?
"నావి."
వల తాళ్ళు లాగి లాగి కణుపులు ఉబ్బిన వేళ్ళవి.
నేను పట్టినవాటిలో సగం
ఆ క్షణానే చిన్నవైపోయాయి.

ప్రతిదాన్నీ తిప్పి చూడాలి.
పొట్ట కింద మడత సన్నమైతే మగది, వెడల్పైతే ఆడది.
ఆడదైతే ఆ మడత తెరువు, మెల్లగా,
నిద్రపోయే పిల్ల మీది దుప్పటి తీసినట్టు.
తెరిచాను.
గుడ్లు కావు. పిల్లలు.
ఆవగింజలంత, అప్పటికే కాళ్ళొచ్చినవి,
అప్పటికే అడ్డంగా పోదామని చూస్తున్నవి.
తల్లి నా ఉంగరం వేలు పట్టి నొక్కింది.
"నొక్కనీ. దానింట్ల జొచ్చినవ్‌ గద."
పీత కష్టాలు పీతవని
మా గజపతినగరంలో నవ్వుకుంటూ అనేవాళ్ళం.
విసరబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"ఇసరకు. పెట్టు."
పెట్టాను.

తేలే బుడ్డ మీద పేరుండాలి.
పేరు లేని బోను దొంగది.
ఈ ఒక్కటీ నాకు ముందే తెలుసు.
నీళ్ళ బాటిల్‌ మీద ఎర్ర నెయిల్‌పాలిష్‌తో
పైడమ్మ అని రాశాను, కింద ఫోన్‌ నంబరు,
అలవాటు చొప్పున తేదీ.

ఇక పోదామని లేస్తుంటే
బోను తలుపు ఎత్తి చూశాడు.
"దేంతోని కట్టినవ్‌?"
నైలాన్‌.
"ఇప్పు."
చెవి వెనక బీడీ తీసినంత తేలిగ్గా
నడుం దగ్గర్నుంచి నూలు పురి తీశాడు.
"ఇది నెలకు మురుగుతది.
బోను తప్పిపోయినా, నువ్వు రాకున్నా
తలుపు దానంతటదే తెరుసుకుంటది.
లేకుంటే లోపలిది సచ్చి ఎరైతది,
దానికోసం ఇంకోటొచ్చి అదీ సస్తది.
నువ్వు ఇంట్ల పండుకున్నా
నీ బోను పడ్తనే ఉంటది బిడ్డా."
ఒక బోనుకు ఆయన కట్టాడు.
రెండోదానికి నన్ను కట్టమన్నాడు.
నా ముడి చూసి ఏమీ అనలేదు.

ఆ వారమే గేట్లెత్తారు.
టీవీలో అత్తాపూర్‌ దగ్గర
వంతెన మీంచి నీళ్ళు, వంతెన చివర జనం.
మడుగు లేదు. రాళ్ళు లేవు.
నేను గొట్టాలకు పేర్లు అంటిస్తూ
రోజులు లెక్కపెట్టుకున్నాను.
పదకొండు. పంతొమ్మిది.
ఇరవై ఆరో రోజు రాత్రి
లేచి మంచినీళ్ళు తాగి, నిద్రపట్టక,
నూలు ఎట్లా మురుగుతుందో ఆలోచించాను,
ముందు ఏ పోగు వదులుతుందో.

నలభయ్యో రోజు తెలియని నంబరు.
"పైడమ్మంటే మీరేనా?
మూసారాంబాగ్‌ కింద మీ బాటిల్‌ దొరికింది,
ఏదో జాలీ డబ్బా కూడా."
లోపలేమైనా ఉందా?
"బురదుంది."
తలుపు?
"ఊగుతాంది."
దారం ఉందా బాబూ?
"ఏం దారం?"

రెండోదాని గురించి
ఇంకా ఎవరూ ఫోన్‌ చెయ్యలేదు.
అది నేను కట్టిందో, ఆయన కట్టిందో.